తిరునాళ్ళకు పోదామా?

పిల్లలూ! వేసవి సెలవులు అనగానే మీకు మామిడిపండ్లు గుర్తుకు వస్తాయి, అమ్మమ్మగారి ఊరు గుర్తుకు వస్తుంది. మా దుత్తలూరు వైపు పిల్లలకు వీటితో పాటు ఇంకొకటి కూడా గుర్తుకు వస్తుంది. అదే నర్రవాడ తిరునాళ్ళు. మా పల్లెల్లో "తిరణాల" అంటారు.

నర్రవాడ నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, దుత్తలూరు మండలంలో ఉన్నది. అక్కడ వెంగమాంబ పేరంటాలు గుడి ఉన్నది. (పద్యాలు రాసిన తరిగొండ వెంగమాంబ వేరు, ఈమె వేరు. పరీక్షలో ఇద్దరినీ కలిపేయకండి!) ఏటా జ్యేష్ఠమాసంలో, అంటే చాలావరకు జూన్ నెలలో, ఇక్కడ బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. మన జిల్లావాళ్ళే కాదు, ప్రకాశం, కడప వైపు నుంచి కూడా జనం వస్తారు. ఆడవాళ్ళు వెంగమాంబను తమ ఇంటి ఆడపడుచుగా తలచి పసుపు కుంకుమలు సమర్పిస్తారు, పొంగళ్ళు పెడతారు. వేసవిలోనే, మే నెల ప్రాంతంలో, రాపూరు దగ్గర పెంచలకోనలో నరసింహస్వామి ఉత్సవాలు జరుగుతాయి.

"ఇంత ఎండలో తిరునాళ్ళు ఎందుకు?" అని మీరు అడగవచ్చు. నేనూ చిన్నప్పుడు మా నాయనను అడిగాను. ఆయన చెప్పిన జవాబు ఇది: మాది వానను, చెరువులను నమ్ముకున్న నేల. కోతలూ నూర్పిళ్ళూ ముగిశాయి, తొలకరి ఇంకా పడలేదు. మనుషులకూ ఎద్దులకూ తీరిక ఇప్పుడే. చేతిలో నాలుగు డబ్బులు ఆడేదీ ఇప్పుడే. ఊరూరా కొట్లు లేని ఆ రోజుల్లో చాటలు, జల్లెడలు, పలుపుతాళ్ళు, గాజులు తిరునాళ్ళలోనే కొనుక్కునేవారు. దేవుణ్ణి చూడటం, చుట్టాలను కలుసుకోవడం, సరుకు తెచ్చుకోవడం, మూడూ ఒక్క ప్రయాణంలో అయిపోయేవి.

ముప్పావలా కథ

ఇక నా సంగతి ఒకటి చెబుతాను. సిగ్గుపడవలసిన సంగతే, అయినా మీకు చెప్పాలి.

అది 1969. నేను ఐదో తరగతి పూర్తిచేశాను. రాత్రి చల్లబడిన తరువాత నాయన బండి కట్టాడు. మా అవ్వకు మోకాళ్ళ నొప్పులు, రాలేకపోయింది. బండి కదలబోతుండగా నన్ను పిలిచి, కొంగుముడి విప్పి, ముప్పావలా నా చేతిలో పెట్టింది.

"అబ్బయ్యా, ఉదయగిరి చెక్క తెడ్డు ఒకటి పట్టుకురా. ఉన్నది విరిగిపోయింది. సంగటి కెలకలేకపోతున్నా" అన్నది.

ఉదయగిరి చెక్క సామాను ఎంత పేరుగలదో మీరు వినే ఉంటారు. కొండల్లో దొరికే నర్ది, బిక్కి, దేవదారి వంటి కర్రతో అక్కడి పనివాళ్ళు గరిటెలు, చెంచాలు నునుపుగా చెక్కుతారు. నేడు ఆ సామానుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నది. అంటే మరెక్కడో చేసిన గరిటెను "ఉదయగిరిది" అని పేరుపెట్టి అమ్మకూడదన్నమాట.

తిరునాళ్ళలో అడుగుపెట్టగానే ఒక గుడారం ముందు గుంపు కనిపించింది. లోపల బల్లమీద చెక్క దిమ్మెలు, ఒక్కొక్క దిమ్మెమీద ఒక్కొక్క వస్తువు: గడియారం, టార్చిలైటు, సబ్బు, దువ్వెన. దూరం నుంచి రింగు విసరాలి. దిమ్మె చుట్టూ రింగు పూర్తిగా దిగితే దానిమీది వస్తువు మనదే. ఐదు పైసలకు మూడు రింగులు.

నా కన్ను గడియారం మీద పడింది. "తెడ్డూ కొనవచ్చు, గడియారమూ తీసుకుపోవచ్చు" అనుకున్నాను. మొదటి ఐదు పైసలు పోయాయి. మూడో రింగు దిమ్మె మూలకు తగులుకుని ఆగిపోయింది. "అయ్యో, కొంచెంలో తప్పిందే!" అన్నాడు ఆటవాడు. ఆ "కొంచెం" అన్న మాటే నన్ను ముంచింది. పదిహేనుసార్లు ఆడాను. నలభై ఐదు రింగులు విసిరాను. ముప్పావలా అయిపోయింది. నాకు దక్కింది ఒక దువ్వెన.

ఇంటికి వచ్చి ఆ దువ్వెనే అవ్వ చేతిలో పెట్టాను. ఆమె తిట్టలేదు. దాన్ని అటూఇటూ తిప్పి చూసి, "బాగుందిలేరా" అన్నది. ఆ సాయంత్రం విరిగిన తెడ్డుతోనే కుండమీదికి వంగి సంగటి కెలికింది. పిడి పొట్టిదై, ఆవిరి చేతికి కొడుతుంటే మాటిమాటికీ చెయ్యి తీసి ఊదుకున్నది. నేను గడపలో కూర్చుని చూశాను. ఆమె నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండునని నాకు ఎంతగానో అనిపించింది.

రింగు ఎందుకు పడలేదు?

ఉపాధ్యాయుణ్ణి అయిన తరువాత, ఒకనాడు చతురస్రం పాఠం చెబుతుండగా ఆ ఆట కిటుకు నాకు తోచింది.

దిమ్మె చతురస్రంగా ఉన్నదనుకోండి. ఒక్కొక్క భుజం 7 సెంటీమీటర్లు. రింగు లోపలి వెడల్పు 10 సెంటీమీటర్లు. ఎదురుగా నిలబడి చూస్తే 3 సెంటీమీటర్ల చోటు మిగిలినట్టే కనిపిస్తుంది. కాని రింగు దిగాలంటే నాలుగు మూలలూ అందులో పట్టాలి కదా! ఒక మూల నుంచి ఎదుటి మూలకు గీసిన గీతను కర్ణం అంటారు. అది భుజానికి సుమారు 1.414 రెట్లు ఉంటుంది. 7ను 1.414తో హెచ్చవేయండి. దాదాపు 9.9 వస్తుంది. ఇక మిగిలింది ఎంత? ఒకే ఒక్క మిల్లీమీటరు! పైగా రింగు కాస్త ఏటవాలుగా వచ్చినా దాని వెడల్పు తగ్గినట్టే. గడియారం పెద్ద దిమ్మెమీద ఉన్నది, దువ్వెన చిన్న దిమ్మెమీద ఉన్నది. అందుకే నాకు దువ్వెన దక్కింది.

"రింగు పడుతుంది" అని ఆటవాడు చెప్పిన మాట అబద్ధం కాదు. ఎంత అరుదుగా పడుతుందో మాత్రం అతను చెప్పలేదు.

మీరూ ఇంట్లో చేసి చూడండి. అమ్మనడిగి లోపలి వెడల్పు 6 సెంటీమీటర్లు ఉన్న ప్లాస్టిక్ గాజు తీసుకోండి. 4.2 సెంటీమీటర్ల భుజంతో మందపాటి అట్టను చతురస్రంగా కత్తిరించి నేలమీద పెట్టండి. చేత్తో గాజును నెమ్మదిగా పెడితే అట్ట చక్కగా లోపల ఇముడుతుంది. ఇక మూడడుగుల దూరం నుంచి ఇరవైసార్లు విసిరి, ఎన్నిసార్లు ఇమిడిందో రాసుకోండి. ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరునాళ్ళకు వెళ్ళండి.

డబ్బులక్కరలేని వినోదం

తిరునాళ్ళలో ఊరికే నిలబడి చూసి నేర్చుకోవలసింది ఎంతో ఉన్నది. పీచుమిఠాయి బండి దగ్గర ఆగండి. నడుమ ఉన్న గిన్నెలో చక్కెర వేడికి కరుగుతుంది. గిన్నె గిర్రున తిరుగుతుంటే కరిగిన చక్కెర సన్నని రంధ్రాలలో నుంచి బయటికి చిమ్ముతుంది, గాలి తగలగానే గట్టిపడి దారం అవుతుంది. చేతినిండా వచ్చే ఆ మిఠాయిలో ఉన్నది గుప్పెడు చక్కెర కూడా కాదు, మిగతాదంతా గాలే! ఈ యంత్రాన్ని 1897లో అమెరికాలో ఇద్దరు కలిసి కనిపెట్టారు. వారిలో ఒకాయన ఎవరో తెలుసా? విలియం మారిసన్ అనే పళ్ళడాక్టరు!

గోలీసోడా చూడండి. సీసాలోని గ్యాసు గోలీని పైకి నొక్కిపట్టి మూతిలోని రబ్బరు చుట్టకు బిగిస్తుంది. లోపలి గ్యాసే మూతకు కాపలా! దీన్ని 1870ల్లో ఇంగ్లండులో హైరం కాడ్ అనే ఆయన తయారుచేశాడు. ఇక జెయింట్ వీల్‌కు మూలం 1893లో షికాగో ప్రదర్శనలో జార్జి ఫెరిస్ నిలబెట్టిన చక్రం. ఎత్తు 264 అడుగులు, పెట్టెలు 36, ఒక్కొక్క పెట్టెలో 60 మంది. ఒక్కసారికి మొత్తం ఎంతమంది ఎక్కవచ్చో మీరే లెక్కకట్టండి. మీరు ఎక్కేటప్పుడు మాత్రం కమ్మీ బిగించారో లేదో చూసుకోండి, పైన లేచి నిలబడకండి.

ఎండ, గుంపు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ వేడి ఇంకా చల్లారని రోజులివి. కుండలో నీరు ఎందుకు చల్లబడుతుంది? కుండ చెమర్చి, ఆ తడి ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. మన ఒళ్ళు కూడా చెమటతో అదే పని చేస్తుంది. కుండలో నీళ్ళు అయిపోతే చెమరుస్తుందా? అందుకే దాహం వేయకముందే నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ తాగుతూ ఉండండి. ఎవరికైనా ఒళ్ళు కాలిపోతూ, తల తిరిగి, మాట తడబడితే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో తుడుస్తూ విసరండి, 108కి ఫోను చేయించండి.

బండి దిగగానే, "తప్పిపోతే ఇక్కడ కలుసుకుందాం" అని ఒక గుర్తు పెట్టుకోండి. నడిచిపోయే ఐసుబండి గుర్తు కాదు సుమా, గుడి ధ్వజస్తంభమో, పెద్ద చెట్టో కావాలి. చిన్నపిల్లల జేబులో అమ్మానాన్నల ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి. తప్పిపోతే అటూఇటూ పరుగెత్తకండి, దగ్గరలో ఉన్న పోలీసుకు చెప్పండి. పిల్లలకు సాయం చేసే ఫోను నంబరు 1098.

ముందు ఏం కొనాలి?

పెద్దలకు ఒక మనవి. పిల్లల చేతిలో కొంచెమైనా డబ్బు పెట్టండి, లెక్క వాళ్ళనే చూసుకోనివ్వండి. పిల్లలూ, మీరు ఆ డబ్బును ఇంట్లోనే మూడు పొట్లాలు కట్టండి: తేవలసిన వస్తువుకు ఒకటి, తినడానికి ఒకటి, ఆటకు ఒకటి. ఆట పొట్లం అయిపోతే ఆట అయిపోయినట్టే. ఆడవద్దని నేను అనను. ఒక పొట్లంలోది ఇంకొక పొట్లంలోకి పోనివ్వకండి, అంతే.

మరుసటి ఏడు నేను బండి దిగి, నేరుగా చెక్కసామాను అంగడికి వెళ్ళాను. పొడుగుపిడి తెడ్డు ఒకటి ఏరి, దాన్ని చంకలో పెట్టుకునే తిరునాళ్ళంతా తిరిగాను. రంగులరాట్నం కూడా తెడ్డుతోనే ఎక్కాను. అందరూ నవ్వారు. అవ్వ మాత్రం ఆ రాత్రి సంగటి ముద్దలో నెయ్యి గుంట కాస్త పెద్దదిగా చేసింది.

తిరునాళ్ళకు రాలేనివాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. బయలుదేరే ముందు వారి దగ్గరికి వెళ్ళి, "నీకేం తేవాలి?" అని అడగండి. అక్కడికి చేరగానే ముందు ఆ వస్తువు కొనండి. తరువాత చూడండి, తిరునాళ్ళు ఎంత బాగుంటాయో!