మెట్ల లిఫ్టు: బిగించడంతో పని పూర్తి కాదు

ఉక్కు కర్మాగారంలోనూ, రైల్వేలోనూ ఉద్యోగాల కోసం వచ్చి రాయ్‌పూర్, భిలాయ్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. భిలాయ్‌లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైనది 1959లో. ఆ తొలి రోజుల్లో వచ్చిన వారితో పాటు వారి పిల్లలు కూడా ఇప్పుడు వృద్ధాప్యానికి చేరుకున్నారు. పడకగది మేడమీద, వంటిల్లు, వీధివాకిలి కింద ఉన్న ఇంట్లో మోకాళ్లు సహకరించని వారికి మెట్ల లిఫ్టు పెద్ద ఆసరా. అది ఆగిపోయిన నాడు ఆసుపత్రికి వెళ్లాలన్నా నలుగురు మోసుకుని దించవలసిందే.

ఈ యంత్రం నిర్మాణం సరళమైనది. మెట్ల వెంట బిగించిన పట్టాపై మోటారు, పళ్లచక్రాల సాయంతో కుర్చీ నడుస్తుంది. ఇప్పటి నమూనాల్లో ఎక్కువ భాగం ఇంటి కరెంటుతో నేరుగా నడవవు. కుర్చీ అడుగున ఉండే రెండు 12 వోల్టుల బ్యాటరీలే మోటారును నడుపుతాయి. కరెంటు వాటిని ఛార్జి చేస్తుంది. కరెంటు పోయినప్పుడు కూడా కొన్ని సార్లు ఎక్కి దిగగలగడం ఇందువల్లనే.

అయితే ఎక్కువ ఇబ్బందులు మొదలయ్యేది కూడా బ్యాటరీ దగ్గరే. ఛార్జింగ్ స్థానాలు సాధారణంగా పట్టాకు రెండు చివరలలో ఉంటాయి. కుర్చీని మెట్ల మధ్యలో వదిలేస్తే ఛార్జి అందదు. చాలా యంత్రాలు బీప్ శబ్దంతో హెచ్చరిస్తాయి. ఆ శబ్దం చికాకుగా ఉందని గోడ మీది స్విచ్ ఆపివేయడం మన ఇళ్లలో జరిగే పొరపాటు. ఊరికి వెళ్లేటప్పుడు మెయిన్ కట్టేయడం మరొకటి. వారాల తరబడి ఛార్జి లేకుండా ఉన్న బ్యాటరీ పూర్తిగా పాడైపోవచ్చు. పైగా రాయ్‌పూర్‌లో మే నెల పగటి ఉష్ణోగ్రత తరచుగా 43 డిగ్రీలు దాటుతుంది. సీసం బ్యాటరీ పరిసరాల వేడి 25 డిగ్రీలకు మించి సుమారు పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగానికి తగ్గుతుంది. అందువల్ల మూడు నుంచి ఐదేళ్లు రావలసినది ఎండ పడే మెట్ల గదిలో అంతకు ముందే అలసిపోతుంది. ఎక్కేటప్పుడు వేగం మందగించడం తొలి సూచన. మార్చవలసి వస్తే రెండింటినీ ఒకేసారి మార్చాలి. పాతవాటిని చెత్తబుట్టలో వేయరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని తిరిగి సేకరించే బాధ్యత ఉత్పత్తిదారులపై ఉంది.

తర్వాతిది దుమ్ము. ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడలకు దగ్గరి కాలనీల వారికి దీని గురించి వేరే చెప్పనక్కరలేదు. పట్టాను వారానికోసారి పొడిబట్టతో తుడిస్తే చాలు. గ్రీజు ఎక్కువ పూస్తే మేలనుకోవడం తప్పు. దానికి దుమ్ము అంటుకుని పళ్లచక్రాలను అరగదీస్తుంది. బకెట్టుతో నీళ్లు పోసి మెట్లు కడిగే అలవాటును మాత్రం మానుకోవలసిందే.

కుర్చీ పాదపీఠం అంచుకు ఏదైనా తగిలితే యంత్రం ఆగిపోవాలి. ఎవరూ కూర్చోనప్పుడు రిమోట్‌తో నడిపి, దారిలో ఒక అట్టపెట్టె ఉంచి నెలకోసారి పరీక్షించవచ్చు. ఆగకపోతే మరమ్మతు అయ్యే వరకు వాడరాదు. సీటు బెల్టు, పైమెట్టు వద్ద కుర్చీ తిరిగి గట్టిగా నిలవడం కూడా చూడాలి. చీర కొంగు, పంచె అంచు పట్టాకు తగలకుండా సర్దుకుని కూర్చోవాలి. కవరు విప్పి లోపలి భాగాలను ముట్టుకునే పని ఇంటివారిది కాదు. శిక్షణ పొందిన సాంకేతికుడితో ఏడాదికోసారైనా తనిఖీ చేయించాలి.

యంత్రంతో పాటు మనిషి కూడా మారుతాడన్నది చాలామంది మరిచే విషయం. మోకాళ్ల నొప్పికి కొన్న కుర్చీ, పక్షవాతం వచ్చి నిటారుగా కూర్చోలేని వారికి సురక్షితం కాకపోవచ్చు. అప్పుడు వైద్యుడిని అడిగి నిర్ణయించుకోవాలి.

కొనే ముందు అడగవలసినవి రెండు: సాంకేతికుడు రాయ్‌పూర్‌లోనే ఉంటాడా, నాగ్‌పూర్ వంటి మరో నగరం నుంచి రావాలా? విడిభాగాలు ఎన్నేళ్ల పాటు దొరుకుతాయి? ఈ జవాబులను వార్షిక నిర్వహణ ఒప్పందంలో రాయించుకోవాలి. ఒప్పందం ప్రకారం సేవ అందకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫిర్యాదు చేయవచ్చు.