పంక్తి చివరి చిన్న గీత

ఆంగ్లపదములను పంక్తి చివర ఎచ్చట విరువవలెనో, పామర్రు నుండి బందరు పోవు దారిలోని మా గూడూరు బడిపిల్లలకు సయితము బోధపడునట్లుగా గురువారము లోపల వ్రాసి యిమ్మని సంపాదకులు నియోగింపగా, వెదకిన కాగితములలో నన్ను కట్టివేసినది పెద్ద వ్యాకరణ మేదియు గాదు. పదునాలుగు పదముల చిన్న పట్టిక.

1983లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున, డొనాల్డ్ క్నూత్ శిష్యుడైన ఫ్రాంక్లిన్ లియాంగ్, కంప్యూటరుచే పదములను విరిపించు విధానమును తన సిద్ధాంతగ్రంథమున నిరూపించెను. నిఘంటువు నంతను యంత్రమునకు వల్లెవేయింపక, 4,447 అక్షరసముదాయములను మాత్రమే యేర్చి, అక్షరముల నడుమ అంకెల నుంచెను: బేసియంకె విరుపునకు అనుమతి, సరియంకె నిషేధము, రెండును ఒకే చోట తారసిల్లినచో పెద్దదానిదే పైచేయి. ఇంత స్వల్పసామగ్రితో నిఘంటువులోని విరుపులలో 89 శాతము దొరకినవి. ఈ సముదాయములకు లొంగని పదములను క్నూత్ తన ‘టెక్’ ముద్రణవ్యవస్థలో విడిగా చేర్చెను. అదియే నేను చెప్పిన పట్టిక. అందు ‘ప్రెజెంట్’, ‘ప్రాజెక్ట్’ అను పదములకు ఒక్క గీతయైన లేదు! ఏలయన ‘ప్రెజెంట్’ నామవాచకమైనచో ఊనిక మొదట నిలిచి ‘ప్రెజ్-ఎంట్’ అని విరుగును. క్రియయైనచో ఊనిక తుదకు జరిగి ‘ప్రి-జెంట్’ అగును. వాక్యార్థ మెరుగని యంత్రము అట్టి పదమును తాకక విడుచుటయే ధర్మమని నిర్ణయించిన ఆ విద్వాంసుల వివేకమునకు నేను చేతులెత్తి మ్రొక్కుదును.

చరిత్ర క్లుప్తముగా: ‘నాలెడ్జ్’ పదమును ఉచ్చారణ ననుసరించి అమెరికావారు ‘ఎల్’ తరువాత విరువగా, వ్యుత్పత్తి నాదరించు ఇంగ్లండు సంప్రదాయజ్ఞులు దానికి ముందే విరిచిరి. బందరున 1902లో వెలసిన తెలుగు కృష్ణాపత్రికకు ఈ చిక్కు లేదు గాని, 1919లో పట్టాభి సీతారామయ్యగారు ఆరంభించిన ఆంగ్లవారపత్రిక ‘జన్మభూమి’కి అక్షరములు కూర్చినవారికి ఇది తప్పియుండదు.

విడిగా కొన్ని

తెలుగున ఏ యక్షరము పిమ్మటనైన పంక్తి మారవచ్చును. వత్తును మాత్రము హల్లునుండి విడదీయరాదు. ఆంగ్లమున ‘స్ట్రెంగ్త్’ ఎనిమిది ఆంగ్లాక్షరముల పదమైనను, ఒక్క ఊపున పలుకునది గనుక విరువరాదు. ‘గూడూరు’ మనకు మూడక్షరములు. తుది ఉకారము లోపించిన ఆంగ్లలిపిలో రెండు ఊపులే.

మన పిల్లలకు ఇది కొత్త విద్య కాదు. ‘సత్యము’ను కన్ను స-త్య-ము అని చూచును, చెవి మాత్రము ‘సత్’ దగ్గర ఆగును, కనుకనే ఛందస్సున ‘స’ గురువగుచున్నది. కంటి విరుపు వేరు, చెవి విరుపు వేరు అని గురులఘువులు నేర్చిన బాలుడు ఎరుగును. ఆంగ్లవిభజనమునకు కావలసినదియు ఈ చెవియే. కనుక ఉపాధ్యాయులారా, ఆంగ్లనిఘంటువును తెరచినపుడు అర్థముతో సరిపెట్టక, పదము నడుమ విరుపును చూపు చుక్కలను, ఊనికగుర్తును పిల్లలచే బిగ్గరగా చదివింపుడు.