ఒకప్పుడు బిహార్ కంటే కేరళలోనే జనసాంద్రత ఎక్కువ: జనం కొన్నిచోట్లే ఎందుకు పోగవుతారు?

2011 జనాభా లెక్కల ప్రకారం బిహార్‌లో చదరపు కిలోమీటరుకు 1,106 మంది ఉన్నారు. అరుణాచల్ ప్రదేశ్‌లో 17 మందే. దేశ సగటు 382.

ప్రపంచంలో ఎక్కడ చూసినా ఇలాంటి తేడాలే కనిపిస్తాయి. ఈజిప్టులో దాదాపు 95 శాతం మంది నైలు నది లోయలో, డెల్టాలో ఉంటారు. అది ఆ దేశ భూభాగంలో సుమారు 5 శాతమే. మంగోలియా విస్తీర్ణం భారత్‌లో దాదాపు సగం ఉంటుంది. జనాభా మాత్రం సుమారు 35 లక్షలు. 2011లో ఒక్క హైదరాబాద్ జిల్లాలోనే అంతకంటే ఎక్కువ మంది, 39 లక్షల మంది ఉన్నారు.

ఇది భూగోళ శాస్త్రం పాఠంగానే మిగిలిపోయే విషయం కాదు. తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం ప్రకటించింది. లోక్‌సభ స్థానాల పునర్విభజన చర్చ కూడా జనాభా చుట్టూనే తిరుగుతోంది. అందుకే జనం ఎక్కడ, ఎందుకు ఎక్కువగా ఉన్నారో తెలుసుకోవడం అవసరం.

నీరు, మట్టి, వరి

మొదటి కారణం తిండి. గంగ, దాని ఉపనదులైన గండక్, కోసి, సోన్ వేల ఏళ్లుగా తెచ్చిపోసిన ఒండ్రుమట్టితో బిహార్ మైదానం ఏర్పడింది. చదునైన నేల, తక్కువ లోతులో దొరికే నీళ్లు, రుతుపవనాల వర్షాలు. ఇవన్నీ ఒకేచోట ఉండటంతో ఏడాదికి రెండు పంటలు పండించడం సాధ్యమైంది.

పైగా వరి ఎకరాకు ఎక్కువ మంది కడుపు నింపుతుంది. నాట్లు, కలుపు, కోతలకు ఎక్కువ చేతులూ కావాలి. అంటే ఈ పంట ఎక్కువ మందిని పోషిస్తుంది, ఎక్కువ మందిని రప్పించుకుంటుంది. గంగా మైదానం, బంగ్లాదేశ్, ఇండోనేసియాలోని జావా దీవి కిక్కిరిసి ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. ఇండోనేసియా భూభాగంలో జావా వాటా సుమారు 7 శాతం. 2020 జనగణన ప్రకారం దేశ జనాభాలో 56 శాతం మంది అక్కడే ఉన్నారు.

జనం పలచగా ఉండటానికి మాత్రం ఒకటే కారణం ఉండదు. అరుణాచల్‌లో వానలకు కొదవ లేదు, కానీ ఏటవాలు కొండలు, దట్టమైన అడవుల మధ్య సాగుకు పనికొచ్చే నేల తక్కువ. రాజస్థాన్‌లోని జైసల్మేర్ జిల్లాలో చదును నేల ఉంది, నీళ్లు లేవు. 2011లో అక్కడా చదరపు కిలోమీటరుకు 17 మందే.

చైనాలో ఈ విభజనను ఒక గీత గీసి చూపించారు. 1935లో హు హువాన్‌యోంగ్ అనే భూగోళ శాస్త్రవేత్త ఈశాన్యం నుంచి నైరుతికి మ్యాప్ మీద ఒక గీత గీశారు. దానికి తూర్పున దాదాపు 96 శాతం జనాభా ఉన్నట్లు లెక్కగట్టారు. ఆ తర్వాత యుద్ధం, విప్లవం, పారిశ్రామికీకరణ అన్నీ జరిగాయి. అయినా ఇప్పటికీ సుమారు 94 శాతం మంది ఆ గీతకు తూర్పునే ఉన్నారు.

ప్రకృతి ఒక్కటే కాదు

అలాగని అంతా ప్రకృతే నిర్ణయిస్తుందని అనుకోలేం. నేపాల్ దక్షిణాన ఉన్న తరాయి ప్రాంతం సారవంతమైనదే అయినా మలేరియా భయంతో కొండ ప్రాంతాల వారు అక్కడ స్థిరపడటానికి జంకేవారు. 1950ల నుంచి డీడీటీ చల్లి దోమలను అదుపు చేశాక వలసలు పెరిగాయి. 1950ల మొదట్లో నేపాల్ జనాభాలో తరాయి వాటా సుమారు 35 శాతం. 2021 నాటికి అది 53 శాతం దాటింది. మారింది మట్టి కాదు, ప్రజారోగ్యం.

గోదావరి డెల్టా మరో ఉదాహరణ. నది ఎప్పటినుంచో ఉంది. 19వ శతాబ్దం మొదటి సగంలో ఈ ప్రాంతం కరవులు, తుపానులతో చితికిపోయింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువల్లో నీళ్లు పారాక పంటకు భరోసా వచ్చింది. 2011లో నాటి పశ్చిమ గోదావరి జిల్లాలో చదరపు కిలోమీటరుకు 500 మందికి పైగా ఉంటే, వర్షాలు తక్కువగా పడే అనంతపురంలో సుమారు 213 మంది ఉన్నారు.

నగరాలది వేరే కథ. కోల్‌కతా, ముంబయి, చెన్నై వలస పాలనలో ఓడరేవులుగా, వ్యాపార కేంద్రాలుగా ఎదిగాయి. ఒకసారి రైళ్లు, ఫ్యాక్టరీలు, కార్యాలయాలు వచ్చాక పని వెతుక్కుంటూ జనం వస్తారు. జనం ఉన్నారని మరిన్ని సంస్థలు వస్తాయి. 2011లో బిహార్ జనాభాలో పట్టణాల్లో ఉన్నది దాదాపు 11 శాతమే. అంటే అక్కడి సాంద్రత ప్రధానంగా పల్లెలది. పొలం పోషించగలిగిన దానికంటే జనం పెరిగారు, దగ్గర్లో ఉద్యోగాలు లేవు. అందుకే హైదరాబాద్, చెన్నై నిర్మాణ పనుల్లో అన్ని వేల మంది బిహారీ కార్మికులు కనిపిస్తారు.

సాంద్రత వేరు, పెరుగుదల వేరు

ఇప్పుడు 1951 లెక్కలు చూద్దాం. నేటి సరిహద్దుల ప్రకారం ఆనాడు బిహార్‌లో చదరపు కిలోమీటరుకు 309 మంది, కేరళలో 349 మంది. అంటే బిహార్ కంటే కేరళే ఎక్కువ కిక్కిరిసి ఉంది. 1991లోనూ కేరళే ముందుంది. 2001 నాటికి బిహార్ దాటేసింది. 2011లో కేరళ సాంద్రత 860.

రెండూ నీళ్లు, పంటలు ఉన్న ప్రాంతాలే. తేడా వచ్చింది తర్వాతే. కేరళలో ఆడపిల్లల చదువు, శిశు మరణాల తగ్గుదల, ఆరోగ్య సేవల వల్ల జననాలు ముందుగా తగ్గాయి. గల్ఫ్, ఇతర రాష్ట్రాలకు వలసలు కూడా తోడయ్యాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక మహిళకు సగటు సంతానం బిహార్‌లో 3.0, కేరళ, తెలంగాణల్లో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7.

ఒక చోట జనం ఎందుకు ఉన్నారనే ప్రశ్నకు జవాబు శతాబ్దాల చరిత్రలో ఉంటుంది. ఎంత వేగంగా పెరుగుతున్నారన్నది మాత్రం గత రెండు, మూడు తరాల్లో బడి, ఆసుపత్రి అందాయా లేదా అన్నదానిపై చాలావరకు ఆధారపడుతుంది. రాజకీయ చర్చల్లో ఈ రెండింటినీ తరచూ కలిపేస్తుంటారు.

సీట్ల లెక్కలో ఇరుక్కున్న ప్రశ్న

రాష్ట్రాలకు లోక్‌సభ సీట్ల పంపకం 1971 జనాభా ఆధారంగా ఉంది. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో దాన్ని స్తంభింపజేశారు. తర్వాత 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాత జరిగే మొదటి జనగణన వరకు పొడిగించింది. జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలు నష్టపోకూడదన్నది అప్పటి వాదన. ఒక్కో ఎంపీ వెనుక ఉన్న ఓటర్ల సంఖ్యలో ఇంత తేడా ఉండటం న్యాయమా అన్నది అవతలి వాదన. రెండింటిలోనూ నిజం ఉంది.

నిధుల పంపిణీలో 15వ ఆర్థిక సంఘం ఒక మధ్యేమార్గం వెతికింది. 2011 జనాభాకు 15 శాతం వెయిటేజీ ఇస్తూనే, జనాభా అదుపులో పనితీరుకు 12.5 శాతం కేటాయించింది. సీట్ల విషయంలో అలాంటి సూత్రం అంత తేలిక కాదు, ఎందుకంటే అక్కడ ప్రతి పౌరుడి ఓటు విలువ సమానంగా ఉండాలన్న సూత్రం అడ్డొస్తుంది.

హైదరాబాద్‌లో ఉంటున్న బిహారీ కార్మికుడిని జనగణన ఇక్కడే లెక్కిస్తుంది. ఆయన ఓటు మాత్రం చాలాసార్లు సొంత ఊళ్లోనే ఉంటుంది. పునర్విభజన ఏ రూపంలో జరిగినా, ఇలా రెండు చోట్లకూ చెందిన కోట్లాది మంది గురించి ఏ రాష్ట్రం మాట్లాడుతుందన్న ప్రశ్నకూ జవాబు చెప్పాల్సి ఉంటుంది.