నీటి ఉష్ణోగ్రత మార్పు – చేప కణాల అనుకూలనం

చేప శీతలరక్త జీవి అంటే దాని రక్తం ఎప్పుడూ చల్లగా ఉంటుందని అర్థం కాదు. చుట్టూ ఉన్న నీరు ఎంత వెచ్చగా ఉంటే దాని ఒళ్లూ దాదాపు అంతే వెచ్చగా ఉంటుంది. మాచర్ల దగ్గరి నాగార్జునసాగర్ జలాశయంలో ఎండ ముదిరితే చేప కాస్త లోతుకు దిగగలదు. మండుటెండలకు పేరుపడిన రెంటచింతల వైపు, మోకాలి లోతు నీరు మిగిలిన చెరువులో శీలావతికి, బొచ్చెకు ఆ వీలు లేదు. సర్దుబాటు కణంలోనే జరగాలి.

ముందుగా కణత్వచాన్ని చూద్దాం. అది రెండు వరుసల ఫాస్ఫోలిపిడ్‌ల పొర. చలికాలంలో నెయ్యి గడ్డకడుతుంది, నువ్వుల నూనె కట్టదు; కారణం కొవ్వు ఆమ్లాలలోని ద్విబంధాలు. స్టియరిక్, ఓలియిక్ ఆమ్లాలు రెండింటిలోనూ 18 కార్బన్లే. మొదటిది సుమారు 69 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగితే, ఒక్క ద్విబంధం ఉన్న రెండోది సుమారు 13 డిగ్రీలకే కరుగుతుంది. ద్విబంధం దగ్గర గొలుసు వంగడం వల్ల అణువులు ఒత్తుగా పేరుకోలేవు.

నీరు చల్లబడితే త్వచం బిగుసుకుని, అందులోని అయాన్ పంపులు మందగిస్తాయి. అప్పుడు కణాలు డీసాచురేజ్ ఎంజైమ్‌ను ఎక్కువగా తయారుచేసి, సంతృప్త గొలుసులలో ద్విబంధాలు చేరుస్తాయి. మన చెరువుల్లోనూ పెంచే బంగారుతీగ కాలేయంలో దీన్ని స్పష్టంగా గమనించారు. నీరు వేడెక్కితే ఇందుకు విరుద్ధంగా సంతృప్త ఆమ్లాల వాటా పెరిగి, త్వచం మరీ పలచబడకుండా నిలుస్తుంది. ఇదే సమస్నిగ్ధతా అనుకూలనం. 1974లో సినెన్‌స్కీ దీన్ని ఈ-కోలై బాక్టీరియాలో వర్ణించాడు.

అయితే త్వచం మారడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. గంటల్లో ముంచుకొచ్చే వేడికి కణం వాడే సాధనం వేరు: హీట్ షాక్ ప్రోటీన్లు. వేడికి మడత విడిపోతున్న ప్రోటీన్లను ఇవి పట్టుకుని తిరిగి సరైన ఆకృతికి తెస్తాయి. ఈ పనికి ఏటీపీ ఖర్చవుతుంది. ఏటీపీ తయారీకి ఆక్సిజన్ కావాలి. చిక్కంతా ఇక్కడే. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 35 డిగ్రీల వద్ద సుమారు 7 మిల్లీగ్రాములే కరుగుతుంది. మరోవైపు 10 డిగ్రీలు పెరిగితే జీవక్రియ వేగం దాదాపు రెట్టింపవుతుంది. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ వాడుకోవడంతో, వేసవిలో తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. గాలి పీల్చగల కొర్రమీనుకు ఈ బాధ తక్కువ.

చేపపిల్లల సంచిని చెరువులో 15–20 నిమిషాలు తేలనిచ్చాకే విప్పుతారు. త్వచం మారడానికి ఆ వ్యవధి ఏ మూలకూ చాలదు. రెండు నీళ్ల ఉష్ణోగ్రత నెమ్మదిగా సమానమై, పిల్లలకు హఠాత్తు దెబ్బ తగలకుండా ఉండేందుకే ఆ జాగ్రత్త.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒకే చెరువులోని శీలావతి కణత్వచంలో అసంతృప్త కొవ్వు ఆమ్లాల వాటా జనవరిలో ఎక్కువా, మే నెలలో ఎక్కువా? ఎందుకు?