నీటిరంగుల్లో స్త్రీమూర్తి: సుకుమారం వేరు, చనువు వేరు

నీటిరంగుల్లో వేసిన స్త్రీల చిత్రాలను చూసి ‘ఎంత సుకుమారంగా ఉన్నాయో’ అంటాం. ఆ సుకుమారంలో సగం పని కాగితానిది, నీటిది. చనువు మాత్రం చిత్రకారుడే తేవాలి.

నీటిరంగు అంటే మెత్తగా నూరిన వర్ణకాన్ని (రంగు పొడిని) జిగురుతో కలిపిన ముద్ద. దాన్ని నీటితో పలచన చేసి పూస్తారు. వెలుగు ఆ పలచని పొరలోంచి దూరి, కింది తెల్ల కాగితాన్ని తాకి, తిరిగి మన కంటికి చేరుతుంది. చర్మం మీద కూడా ఇలాగే జరుగుతుంది. పడిన వెలుగులో కొంత లోపలికి వెళ్లి, నెత్తుటి ఛాయ కలుపుకొని బయటికి వస్తుంది. నీటిరంగుల్లో చెంప సజీవంగా కనిపించడానికి కారణం ఇదే.

చెంప వేయడానికి ముందు అక్కడి కాగితాన్ని తడుపుతారు. లేత ఎరుపు తాకిస్తే అది దానంతటదే పాకి, అంచు లేకుండా కలిసిపోతుంది. కనురెప్ప గీత మాత్రం కాగితం ఆరాకే గీయాలి. ముక్కు మీది మెరుపు కోసం కాగితాన్ని ఖాళీగా వదిలేస్తారు. ఒకసారి ముదిరిన రంగును మళ్లీ లేత చేయడం కష్టం. పదేపదే కుంచె తిప్పితే రంగు మురికిబారుతుంది. అందుకే ఆ ముఖం చిత్రకారుడికి ముందే బాగా తెలిసి ఉండాలి.

అవనీంద్రనాథ్ ఠాగూర్ 1905లో వేసిన ‘భారతమాత’ చూడండి. అది వాష్ పద్ధతి చిత్రం. (వేసిన చిత్రాన్ని మళ్లీ మళ్లీ తడిపి, రంగులను పొగమంచులా పలచబరచడమే వాష్.) అందులోని స్త్రీ ఎంతో సుకుమారంగా ఉంటుంది. కానీ ఆమె దేవత. నాలుగు చేతులతో, మనకు దూరంగా నిలబడుతుంది. ఈ బెంగాలీ శైలిని ప్రమోద్ కుమార్ చటర్జీ బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో నేర్పారు. అడివి బాపిరాజు అక్కడ ఆయన శిష్యుడు.

రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) దారి వేరు. ఆయన బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదివారు. పరాయి మగవాడి ముందు ఇల్లాళ్లు గంటల తరబడి కూర్చునే రోజులు కావవి. ఆయన చిత్రాల్లో కొన్నింటికి భార్య సత్యవాణే మోడల్‌ (నమూనాగా కూర్చున్న వ్యక్తి). తెలిసిన మనిషి కాబట్టి ఆమె బిగుసుకుపోవలసిన అవసరం లేదు. ఆయనకూ ఆ ముఖాన్ని కొత్తగా వెతుక్కోవలసిన పని లేదు. చనువు పుట్టేది అక్కడే.

నీటిరంగు చిత్రాలకు వెలుగే శత్రువు. చాలా నీటిరంగులు ఎండకు వెలిసిపోతాయి. అందుకే మ్యూజియంలు వాటిని సాధారణంగా 50 లక్స్ (వెలుగు కొలమానం) మసక వెలుగులోనే ఉంచుతాయి. ఫోన్ తెర మీద చూస్తే కాగితం తెలుపు, చిత్రం అసలు పరిమాణం రెండూ తెలియవు. రాజమహేంద్రవరంలో దామెర్ల పేరిట ఆర్ట్ గ్యాలరీ ఉంది. అటు వెళ్లినప్పుడు కాసేపు ఆగండి. రంగు వేసిన చోటుతో పాటు, వేయకుండా వదిలిన చోటునూ చూడండి.