వినిపించే ఆకాశం – ఇంటిలో డిజిటల్ రేడియో స్కానర్

ఆకాశానికి శబ్దమే గుణమని మన తార్కికులు నిర్ణయించారు. ఆధునిక భౌతికశాస్త్రం ఈ మాటను అంగీకరించదు. శబ్దం ప్రయాణించడానికి గాలి వంటి యానకం కావాలి. రేడియో తరంగానికి ఏ యానకమూ అక్కరలేదు. అయినా అమెరికాలోని ఏ సామాన్య గృహం చుట్టూ ఉన్న ఆకాశాన్ని పరిశీలించినా ఆ ప్రాచీన వాక్యం కొత్త అర్థంతో స్ఫురిస్తుంది. అగ్నిమాపక దళం, అంబులెన్సు, విమానాశ్రయ నియంత్రణ కేంద్రం, రైలు చోదకులు, వాతావరణ శాఖ, అమెచ్యూర్ రేడియో ప్రియులు – వీరందరి సంభాషణలూ రేయింబవళ్లు ఆ ఇంటి గోడల గుండా సాగిపోతూనే ఉంటాయి. వాటిని వెదికి పట్టి వినిపించే గ్రాహకయంత్రమే రేడియో స్కానర్.

స్కానర్ వినగలదే కాని మాట్లాడలేదు. మామూలు రేడియో ఒక కేంద్రం వద్ద నిలిచి ఉంటుంది. స్కానర్ మాత్రం సెకనుకు పదుల సంఖ్యలో చానళ్లను తడుముతూ పోయి, మాట వినబడిన చోట ఆగి, ఆ మాట ముగిసిన తరువాత ముందుకు సాగుతుంది. సంకేతం లేని చానల్‌లోని హోరు చెవిన పడకుండా అణచి ఉంచే అమరికను స్క్వెల్చ్ అంటారు. సూత్రం ఇంత సరళమైనదే. అయినా వందల డాలర్లు వెచ్చించి కొన్న స్కానర్ కొన్ని ఇళ్లలో వారం తిరగకుండానే అలమార చేరుతుంది. అందుకు యంత్రంలోని లోపం కంటె, తమ ఊరి గాలిలో ఏ విధమైన సంకేతాలు ఉన్నవో తెలుసుకోకుండా కొనడమే తరచుగా కారణం.

చానల్ నుండి బృందానికి

ఒకప్పుడు పోలీసులకు ఒక ఫ్రీక్వెన్సీ, అగ్నిమాపక దళానికి మరొకటి, నగరపాలక సంస్థ లారీలకు ఇంకొకటి కేటాయించేవారు. ఆ అంకెలను స్కానర్‌లో నమోదు చేసుకుంటే సరిపోయేది. రేడియో వాడే విభాగాలు పెరిగిన కొద్దీ చోటు చాలలేదు. ఒక విభాగం చానల్ ఖాళీగా పడి ఉండగా పక్క విభాగం చానల్ కిక్కిరిసి ఉండేది. దీనికి పరిష్కారంగా ట్రంకింగ్ అనే పద్ధతి వచ్చింది.

బ్యాంకులోని టోకెన్ పద్ధతిని గుర్తు చేసుకుంటే ట్రంకింగ్ సులభంగా బోధపడుతుంది. ఖాతాదారుడు ఒకే కౌంటరు ముందు బారు తీరి నిలబడడు. టోకెన్ తీసుకొని, ఏ కౌంటరు ఖాళీ అయితే అక్కడికి వెళతాడు. అదే విధంగా అగ్నిమాపక దళంవారు మాట్లాడదలచినప్పుడు వ్యవస్థను నడిపే కంప్యూటరు ఆ క్షణాన ఖాళీగా ఉన్న ఫ్రీక్వెన్సీని వారికి ఇస్తుంది. మరుసటి మాటకు మరొక ఫ్రీక్వెన్సీ దొరకవచ్చు. ఈ కేటాయింపులను ఎడతెగకుండా ప్రకటించేది కంట్రోల్ చానల్. ఒక్కొక్క విభాగానికి ఇచ్చిన గుర్తింపు సంఖ్యను టాక్‌గ్రూప్ అంటారు. ట్రంకింగ్ తెలిసిన స్కానర్ కంట్రోల్ చానల్‌ను చదువుతూ, కోరిన టాక్‌గ్రూప్ ఏ ఫ్రీక్వెన్సీకి వెళ్లిందో గ్రహించి దానిని అనుసరిస్తుంది. ఆ శక్తి లేని పాత స్కానర్‌లో ఒకరి ప్రశ్న, మరొకరి జవాబు, ఇంకొకరి కేక కలగాపులగంగా వినిపిస్తాయి.

మాట అంకెలుగా మారిన విధం

రెండవ మార్పు డిజిటల్ ప్రసారం. ప్రజారక్షణ రంగంలోని సమాచార అధికారుల సంఘమైన అప్కో 1989లో ప్రాజెక్ట్ 25 అనే ప్రయత్నానికి శ్రీకారం చుట్టింది. వేర్వేరు సంస్థలు తయారుచేసిన రేడియోలు ఒకదానితో ఒకటి మాట్లాడగలగాలన్నది దాని ఉద్దేశం. పీ25 అని పిలిచే ఈ ప్రమాణంలో మొదటి దశ 12.5 కిలోహెర్ట్జ్ వెడల్పు గల చానల్‌లో ఒక సంభాషణను పంపుతుంది. రెండవ దశ కాలాన్ని చిన్న చిన్న ముక్కలుగా పంచి, అదే వెడల్పులో రెండు సంభాషణలను నడుపుతుంది. మొదటి దశకు మాత్రమే తయారైన స్కానర్ రెండవ దశ మాటను వినిపించలేదు. వ్యాపార సంస్థలు, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు డీఎంఆర్, ఎన్‌ఎక్స్‌డీఎన్ అనే ఇతర ప్రమాణాలను కూడ వాడుతున్నాయి. కొన్ని స్కానర్లలో వీటికి అదనపు రుసుము చెల్లించవలసి ఉంటుంది.

పీ25 మొదటి దశలో మాటను అంకెలుగా మార్చే విధానం ఆసక్తికరమైనది. సంప్రదాయ డిజిటల్ టెలిఫోను వ్యవస్థ ఒక కంఠధ్వనికి సెకనుకు 64,000 బిట్లు వినియోగిస్తుంది. పీ25 కంఠధ్వనికి కేటాయించేది 4,400 బిట్లు మాత్రమే. దోషాలను సవరించే బిట్లు, నియంత్రణ సమాచారం కలిసి మొత్తం 9,600 అవుతాయి. ఇంత పొదుపు సాధ్యం కావడానికి కారణం, అక్కడ ప్రయాణించేది కంఠధ్వని కాదు, దాని వర్ణన. స్థాయి ఎంత, శ్వాస పాలు ఎంత, ఏ స్వరభాగం ఎంత బలంగా ఉన్నది – ఈ వివరాలను అందుకొని గ్రాహకం ధ్వనిని మళ్లీ నిర్మిస్తుంది. డిజిటల్ స్కానర్‌లోని గొంతు కొంత యాంత్రికంగా వినిపించడానికి ఇదే హేతువు.

బలహీనమైన అనలాగ్ సంకేతం హోరుతో కలిసి క్రమక్రమంగా క్షీణిస్తుంది; చెవి కష్టపడి అయినా అర్థం చేసుకుంటుంది. డిజిటల్ సంకేతం తీరు వేరు. ప్రయోగశాలలో ఆమ్లంలోకి క్షారాన్ని బొట్టు బొట్టుగా జారవిడుస్తున్నప్పుడు ఫినాఫ్తలీన్ చాలాసేపు రంగు లేకుండా ఉండి, ఒక్క బొట్టుతో గులాబి రంగుకు మారుతుంది. డిజిటల్ మాట కూడ అంతే. దోషాల సంఖ్య సవరణకు లొంగినంతవరకు స్పష్టంగా ఉండి, ఆ హద్దు దాటగానే ముక్కలై మాయమవుతుంది.

సులభమన్న మాటకు అర్థం

ట్రంకింగ్ స్కానర్‌ను సిద్ధం చేయడమంటే ఫ్రీక్వెన్సీలు, వ్యవస్థ వివరాలు, వందలకొద్దీ టాక్‌గ్రూప్ సంఖ్యలు చేతితో నమోదు చేయడం. ఈ శ్రమను తొలగించే ఉద్దేశంతో యూనిడెన్ సంస్థ 2010లో హోమ్‌పెట్రోల్ అనే స్కానర్‌ను విడుదల చేసింది. అమెరికా, కెనడా దేశాల రేడియో వ్యవస్థల వివరాలు దాని మెమరీ కార్డులోనే ఉంటాయి. ఇంటి జిప్ కోడ్ ఇస్తే చాలు, ఆ పరిసరాల చానళ్లను యంత్రమే ఎంచుకుంటుంది. ఆ తరువాత వచ్చిన అనేక నమూనాలు ఇదే బాట పట్టాయి.

అయితే శ్రమ తొలగిపోలేదు, చేతులు మారింది. ఔత్సాహికులు విని, పోల్చి, సరిదిద్ది సమకూర్చిన రేడియోరిఫరెన్స్ అనే డేటాబేస్ ఈ సౌలభ్యానికి ఆధారం. కౌంటీ తన వ్యవస్థను మార్చుకున్నప్పుడు డేటాబేస్ మారుతుంది. ఇంటిలోని స్కానర్ దానంతట అది మారదు. అప్పుడప్పుడు కంప్యూటరుకు తగిలించి కొత్త వివరాలు ఎక్కించకపోతే యంత్రం క్రమంగా మూగబోతుంది.

కొనడానికి ముందు

తమ కౌంటీకి సంబంధించిన డేటాబేస్ వివరాలను ముందుగా పరిశీలించి, నాలుగు ప్రశ్నలకు జవాబు వెదకుకోవాలి. వ్యవస్థ అనలాగ్‌దా, డిజిటల్‌దా? పీ25 అయితే మొదటి దశా, రెండవ దశా? ఒకే ఫ్రీక్వెన్సీలో అనేక టవర్లు ఏకకాలంలో ప్రసారం చేసే సైమల్‌కాస్ట్ అమరిక ఉన్నదా? వినదలచిన టాక్‌గ్రూపులు గుప్తీకరణకు లోనైనవా?

చివరి ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమైనది. గుప్తీకరించిన సంభాషణను ఎంత ఖరీదైన స్కానరైనా వినిపించలేదు. దానిని విప్పజూడడం చట్టవిరుద్ధం కూడ. డెన్వర్ పోలీసులు 2019లో తమ రేడియో సంభాషణలను గుప్తీకరించారు. న్యూయార్క్ నగర పోలీసులు 2023లో ఆ మార్గంలో అడుగుపెట్టారు. పోలీసు సంభాషణలు మూతపడిన చోట కూడ అగ్నిమాపక, వైద్య సహాయ విభాగాలు వినవచ్చే సందర్భాలున్నాయి. అన్నీ మూతపడి ఉంటే డిజిటల్ స్కానర్ కొనకపోవడమే వివేకం. విమానాల సంభాషణలు 118 నుండి 137 మెగాహెర్ట్జ్ మధ్య నేటికీ అనలాగ్ పద్ధతిలోనే సాగుతున్నాయి. వాటి కోసం తక్కువ ధరలో దొరికే అనలాగ్ స్కానర్ చాలు.

సైమల్‌కాస్ట్ మరొక చిక్కు. రెండు మూడు టవర్ల నుండి ఒకే సంకేతం సూక్ష్మమైన కాలభేదంతో చేరినప్పుడు తరంగాలు పరస్పరం చెరుపుకుంటాయి. సంకేతబలం నిండుగా కనిపిస్తున్నా మాట తెగిపోతుంది. ఇటువంటి చోట పెద్ద యాంటెనా తగిలిస్తే మేలుకు బదులు కీడు జరగవచ్చు. స్కానర్‌ను రెండు మూడడుగులు జరపడం, ఒక టవర్ వైపే చూసే యాంటెనా వాడడం ఉపశమన మార్గాలు. ఈ సమస్యను దృష్టిలో ఉంచుకొని రూపొందించిన గ్రాహకం 2018లో వచ్చిన ఎస్‌డీఎస్100, 2019లో వచ్చిన ఎస్‌డీఎస్200 నమూనాలలో ఉన్నది. పాత స్కానర్‌ను చవకగా కొనేవారు దానికి రెండవ దశ పీ25 తెలుసునో లేదో అడిగి తెలుసుకోవాలి.

ఇంటిలో అమరిక

స్కానర్‌కు తగిన స్థానం కిటికీ పక్కన, వీలైతే మేడపైన. అయితే వేడిని ఆపడానికి కొన్ని కిటికీ గాజులకు పూసే అతి పలుచని వెండి పొర రేడియో తరంగాలను కూడ అడ్డుకుంటుంది. అందుచేత నాలుగైదు చోట్ల పెట్టి చూడడం మంచిది. యాంటెనాను నిలువుగా ఉంచాలి. దాని పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగవ వంతు ఉంటే గ్రహణశక్తి బాగుంటుంది. 300ను మెగాహెర్ట్జ్ సంఖ్యతో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. 155 మెగాహెర్ట్జ్‌కు కావలసిన పొడవు సుమారు 48 సెంటీమీటర్లు. 850 మెగాహెర్ట్జ్‌కు తొమ్మిది సెంటీమీటర్ల లోపే.

మొదటి రోజు డేటాబేస్‌ను నవీకరించి, జిప్ కోడ్ ఇచ్చి, దూరపు పరిధిని తగ్గించి ఉంచాలి. అన్ని విభాగాలనూ ఒక్కసారిగా తెరిస్తే స్కానర్ అనవసరమైన మాటల వద్ద ఆగుతూ, అవసరమైనదానిని జారవిడుస్తుంది. అగ్నిమాపక, వైద్య సహాయ విభాగాలతో ఆరంభించి, వినవలసిన పనిలేని టాక్‌గ్రూపులను ఒక్కొక్కటిగా తొలగిస్తూ పోవాలి. మాట ముగిసిన తరువాత రెండు సెకన్లపాటు అక్కడే నిలిచేటట్లు అమర్చుకుంటే జవాబు కూడ వినబడుతుంది.

ఇండియా నుండి వచ్చిన పెద్దవారు ఇంటిలో ఉన్నప్పుడు ఒక మాట ముందుగా చెప్పి ఉంచాలి. ఇక్కడి అగ్నిమాపక దళాలకు వచ్చే పిలుపులలో అధిక భాగం వైద్య సహాయానికి సంబంధించినవే. అది తెలియనివారికి స్కానర్ గంటసేపు వింటే ఊరంతా తగలబడిపోతున్నదన్న భయం కలుగుతుంది.

విపత్తు వేళ

స్కానర్ సంభాషణలను ఇంటర్నెట్ ద్వారా ఫోనులో వినే సౌకర్యం అనేక నగరాలకు ఉన్నది. వేడుకకు అది చాలు. కాని ఇంటర్నెట్, సెల్‌ఫోన్ నిలిచిపోయిననాడే వార్త అవసరం ఎక్కువ. దివిసీమ ఉప్పెనను ఎరిగిన తరానికి, బయటి ప్రపంచంతో సంబంధం తెగిన ఊరి స్థితిని వేరుగా వర్ణించనక్కరలేదు. 2024 సెప్టెంబరు చివరలో హెలీన్ తుపాను పశ్చిమ నార్త్ కరొలైనాను ముంచెత్తినప్పుడు విద్యుత్తుతోపాటు సెల్‌ఫోన్ టవర్లు కూడ విస్తృతంగా మూగబోయాయి. మౌంట్ మిచెల్‌పై ఉన్న అమెచ్యూర్ రేడియో రిపీటర్ ఆ రోజుల్లో పనిచేస్తూ, మూసుకుపోయిన దారుల సమాచారాన్ని, ఆప్తుల క్షేమసమాచారాన్ని మోసింది. అమెచ్యూర్ రేడియోలో అర్థాన్ని మరుగుపరిచే గుప్తీకరణకు నిబంధనలు అనుమతించవు. ఆ రిపీటర్‌ను వినడానికి మామూలు అనలాగ్ స్కానర్ సరిపోయింది.

టార్నడోలు వచ్చే ప్రాంతాలవారికి స్కానర్ కంటె ముందు కావలసినది నోవా వాతావరణ రేడియో. 162.400 నుండి 162.550 మెగాహెర్ట్జ్ మధ్య ఏడు చానళ్లలో ఈ ప్రసారాలు సాగుతాయి. కౌంటీ కోడ్ నమోదు చేసుకునే సదుపాయమున్న రేడియో అయితే, తమ కౌంటీకి హెచ్చరిక వచ్చినప్పుడు మాత్రమే అర్ధరాత్రి అయినా మోగి నిద్రలేపుతుంది. ధర స్వల్పం. బ్యాటరీలు వేసి ఉంచడం మరువరాదు.

చట్టం, మర్యాద

అమెరికాలో గుప్తీకరించని ప్రజారక్షణ సంభాషణలను ఇంటిలో వినడాన్ని 1986 నాటి ఎలక్ట్రానిక్ సంభాషణల గోప్యతా చట్టం సాధారణంగా నిషేధించదు. సెల్‌ఫోన్ ఫ్రీక్వెన్సీలను అందుకునే స్కానర్ల తయారీ 1994 నుండి నిషిద్ధం. న్యూయార్క్, మిన్నెసోటా, ఇండియానా, కెంటకీ, ఫ్లోరిడా వంటి రాష్ట్రాలలో వాహనంలో స్కానర్ ఉంచుకోవడంపై ఆంక్షలున్నాయి. బ్రిటన్‌లో తమకు ఉద్దేశించని ప్రసారాలను వినడమే నేరం. భారతదేశంలో రేడియో పరికరాలు కలిగి ఉండడానికి అనుమతులకు సంబంధించిన నిబంధనలున్నందున, విచారించకుండా ఎవరికీ కానుకగా తీసుకొని వెళ్లరాదు.

చట్టం చెప్పకపోయినా పాటించవలసినది మరొకటి ఉన్నది. అంబులెన్సు సంభాషణలో ఇంటి నంబరు, రోగి వయసు, వ్యాధి లక్షణం వినబడతాయి. ఆ చిరునామా పరిచయస్థులది కావచ్చు. ఆ ఇంటివారు బంధువులకు తామే చెప్పుకోవలసిన సంగతి వారికంటె ముందే వాట్సాప్ బృందాలలో తిరగడం ఎంత బాధాకరమో ఊహించడం కష్టం కాదు. విన్నవారు ఆ చోటికి పరుగెత్తితే సహాయక సిబ్బంది దారికి అడ్డు తగిలినట్లే. రెండు రోజులు ఆగి, ఆ ఇంటివారు చెప్పిన తరువాత ఒక పూట భోజనం పంపడం, పిల్లలను బడినుండి తీసుకొని రావడం నిజమైన సహాయం. స్కానర్‌లో విన్న మాటను అంతవరకు ఇంటి గడప దాటనీయరాదు.