మాస్కో చలికాలములో మనవారు

కృష్ణాతీరమున సంక్రాంతి ముగ్గులు తీర్చు వేళ మాస్కోలో గడ్డకట్టించు చలి యుండును. డిసెంబరు చివర అచట పగలు 7 గంటలే. 1960వ దశకమున ఉప్పల లక్ష్మణరావుగారు అచటి ప్రగతి ప్రచురణాలయమున రష్యన్ గ్రంథములను తెనిగించిరి. అట్టి పుస్తకములు విజయవాడ విశాలాంధ్ర వారి ద్వారా మన పల్లెలకు చేరినవి.

అంత చలిలో అరుగుమీది ముచ్చట్లకు తావులేదు. స్నేహమంతయు ఇంటిలోపలనే. అతిథి మనవలెనే గుమ్మమున పాదరక్షలు విడిచి, వంటయింట తేనీటికి కూర్చుండును. పూలు తెచ్చినచో బేసిసంఖ్యలోనే తేవలెను, సరిసంఖ్య మృతులకు.

పలుకక యున్న భాష వాడిపోవును. అనువాదకునకు భాషయే జీవిక. కావున తోటి తెలుగువాని తలుపు తట్టుట ఉబుసుపోక కాదు. నేడు వైద్యవిద్యకై రష్యా పోవు మన బిడ్డలకు ఉన్నికోటుతోపాటు ఈ మాటయు చెప్పి పంపుదము: చీకటిపడెనని తలుపు మూసికొని ఒంటరిగా ఉండవలదు.